ద కుకింగ్ ఆఫ్ బుక్స్: రాసినాయన కోసం కాదు, దిద్దినాయన కోసం కొనండి

కవర్ మీద రామచంద్ర గుహ పేరు ఉంది కదా, చరిత్ర పుస్తకమో, గాంధీ మీదో, క్రికెట్ మీదో అయ్యుంటుంది అనుకుని కొనేరు, కాదు. 2024 జనవరిలో జగర్నాట్ వాళ్ళు వేసిన ఈ పుస్తకం మొత్తం ఒక స్నేహం గురించి. అటువైపు మనిషి రుకున్ అద్వానీ. పేరు వినలేదంటే తప్పేం లేదు, వినపడకుండా ఉండడానికే ఆయన జీవితమంతా ప్రయత్నించాడు. ఎడిటర్, తర్వాత సొంతంగా పబ్లిషర్, మధ్యలో ఒకే ఒక్క నవల. లిట్ ఫెస్టులకి రాడు, స్టేజీలెక్కడు, ఎక్కడో ఉత్తరాఖండ్‌లో రాణీఖేత్ కొండల్లో కుక్కల్ని పెంచుకుంటూ పెద్ద పెద్ద ప్రొఫెసర్ల వాక్యాలు దిద్దుతూ కూర్చుంటాడు. అలాంటాయన మీద పుస్తకమేంటి, అందులో చదవడానికేముంటుంది అని నాక్కూడా అనిపించింది గానీ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు ఇస్తున్నా. పోయిన ఆ ఒక్కటి ఎందుకు పోయిందో కింద చెప్తా.

నేను బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెక్నికల్ రైటర్‌ని. ఇంజినీర్లు రాసింది మనుషులకి అర్థమయ్యేలా చెయ్యడం నా పని, కాబట్టి దిద్దేవాళ్ళ కష్టం మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఆ కళ్ళతోనే ఈ రివ్యూ చదువుకోండి.

అద్వానీ పుట్టిపెరిగింది లక్నోలో. వాళ్ళ నాన్న రామ్ అద్వానీకి హజ్రత్‌గంజ్‌లో పుస్తకాల షాపు ఉండేది, లక్నో మీద రీసెర్చ్ చేసే విదేశీ స్కాలర్లు ముందు ఆ షాపులో ఆయన్ని కలిశాకే ఆర్కైవ్‌కి వెళ్ళేవారని చెప్పుకుంటారు. 2016లో పెద్దాయన తొంభై దాటిన వయసులో పోయారు, ఆ షాపూ పోయింది. మన బెంగుళూరు వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, చర్చి స్ట్రీట్ పక్కన షాన్‌బాగ్ గారి ప్రీమియర్ బుక్ షాప్ 2009లో మూసేసినప్పుడు ఇక్కడివాళ్ళు ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డారు, ఇప్పటికీ పాతకాలం వాళ్ళు కలిస్తే ఆ మాట వస్తుంది. అలా పుస్తకాల మధ్య పెరిగిన కుర్రాడు ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో ఇంగ్లీషు చదివి, కేంబ్రిడ్జ్ వెళ్ళి ఇంగ్లీషు నవలాకారుడు ఈ.ఎం. ఫార్‌స్టర్ రాసిన సాహిత్య విమర్శ మీద పీహెచ్‌డీ చేశాడు, అది 1984లో పుస్తకంగా కూడా వచ్చింది. ఈ క్వాలిఫికేషన్లతో ఎవరైనా ఏదో యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిపోతారు. ఈయన వెళ్ళి ఢిల్లీలో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లో ఎడిటర్‌గా చేరాడు.

గుహ అదే కాలేజీలో ఈయనకి జూనియర్, కానీ అప్పట్లో దోస్తీ ఏం లేదు. గుహ క్రికెట్ టీములో ఆఫ్ స్పిన్నర్, అద్వానీ లైబ్రరీ బాపతు, ఇలాంటి ఇద్దరు ఏ కాలేజీలోనైనా ఒకళ్ళనొకళ్ళు ఎంత గౌరవించుకుంటారో మీకు తెలుసు. ఆ క్రికెటర్ తర్వాత ఐఐఎం కలకత్తాలో పీహెచ్‌డీ చేసి, ఉత్తరాఖండ్ అడవులు, చిప్కో ఉద్యమం మీద తను రాసింది ఎడిటర్ టేబుల్ మీదకి తెచ్చేసరికి ఆ టేబుల్ వెనకాల ఉన్నది ఈయన. 1989లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేసిన ద అన్‌క్వైట్ వుడ్స్ అదే, గుహ మొదటి పుస్తకం. ఇవాళ పర్యావరణ చరిత్ర అని ఎవరైనా చదువుకుంటుంటే ఇండియాలో మొదట చేతికిచ్చే పుస్తకాల్లో అదొకటి. దాని వెనక ఒక ఎడిటర్ ఉన్నాడని మాత్రం ఈ పుస్తకం వచ్చేదాకా నా లాంటివాళ్ళకి తెలీదు.

అప్పటి ఆక్స్‌ఫర్డ్ ఢిల్లీ ఆఫీసు గురించి ఉన్న భాగం నాకు బాగా నచ్చింది. రవి దయాళ్ అని అక్కడ బాస్, ఖుష్వంత్ సింగ్ అల్లుడు, ఆయన హయాంలో అది బ్రిటిష్ టెక్స్ట్ బుక్కులు అమ్ముకునే బ్రాంచి ఆఫీసు లాగా కాకుండా మన దేశంలో చరిత్ర, సోషియాలజీ రాసేవాళ్ళందరికీ గమ్యం అయింది. 1982లో రణజిత్ గుహ (మన గుహ కాదు, ఇంకో చరిత్రకారుడు) ఎడిట్ చేసిన సబాల్టర్న్ స్టడీస్ మొదటి వాల్యూమ్ వచ్చింది అక్కణ్ణుంచే. రాజులు, నాయకులు, పార్టీల చరిత్ర కాకుండా రైతులు, కూలీలు, గిరిజనులు తిరగబడ్డ చరిత్ర రాయాలన్న ఆ గుంపు తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది, మన రంప పితూరీ లాంటివి కూడా ఆ వాల్యూముల్లో చర్చకొచ్చాయి. ఆ రాతల్లో కొన్ని ఎంత జిగటగా ఉంటాయో చదివినవాళ్ళకి తెలుసు. దిద్దకముందు ఎలా ఉండేవో ఊహించుకుంటేనే ఎడిటర్ మీద జాలేస్తుంది.

సరే అసలు విషయానికొస్తా. పుస్తకంలో ఎక్కువ భాగం ఉత్తరాలు, తర్వాత ఈమెయిళ్ళు. దాదాపు నలభై ఏళ్ళ పరిచయం కదా, పోస్టు కాలం నుంచి ఇన్‌బాక్స్ కాలం దాకా. గుహ రాసింది చదివితే సమాచారం వస్తుంది, అద్వానీ రాసింది చదివితే నవ్వొస్తుంది, ఇదీ తేడా. ఆయన మెచ్చుకోవడం కూడా తిట్టినట్టే ఉంటుంది. రచయిత ఎంత పెద్దోడైనా పర్లేదు, అనవసరమైన చోట బరువైన థియరీ మాట కనపడితే చాలు దాన్ని పట్టుకుని ఆడుకుంటాడు. పైగా తన మీద తను జోకులేసుకుంటాడు, తన ఉద్యోగం మీద, రచయితల అహం మీద, ఊళ్ళో జరిగే సెమినార్ల మీద. ఇంత వెటకారం ఉన్న మనిషి ఇన్నేళ్ళు ఒకే పని శ్రద్ధగా ఎలా చేశాడో మరి. నాకు తోచిందేంటంటే ఆ వెటకారమే ఆయన్ని కాపాడింది, లేకపోతే రోజూ వందల పేజీల పొడి ఇంగ్లీషు మధ్యలో ఎవడికైనా పిచ్చెక్కుతుంది.

ఎడిటర్ అంటే స్పెల్లింగులు చూసేవాడు అనుకునేవాళ్ళకి ఈ పుస్తకం కళ్ళు తెరిపిస్తుంది. స్పెల్లింగులు కామాలు చూసేది కాపీ ఎడిటింగ్, అది చివర్లో పని. దానికి ముందు చాలా ఉంది. ఈ టాపిక్ మీద ఎవరు రాయగలరు అని వెతికి పట్టుకోవడం, థీసిస్‌ని పుస్తకం చేయించడం, అదే విషయం తెలిసిన ఇంకో స్కాలర్‌కి పంపి అభిప్రాయం తెప్పించుకోవడం, ఏ చాప్టర్ తీసెయ్యాలో చెప్పడం, టైటిల్ కోసం కొట్టుకోవడం, చివర్లో ఇండెక్స్. థీసిస్‌ని పుస్తకం చెయ్యడం అన్నింటికన్నా కష్టం అనుకుంటా, ఎందుకంటే థీసిస్ రాసేది పరీక్ష చేసే నలుగురికి భయపడి, పుస్తకం రాయాల్సింది మనల్ని ఎరగని నాలుగు వేలమందికి. పెళ్ళి భోజనం బాగుంటే పెళ్ళివారిని మెచ్చుకుంటాం, ఉప్పెక్కువైతే మాత్రం వంటాయన ఎవరయ్యా అని అడుగుతాం, ఈ ఉద్యోగం అచ్చం అలాంటిది.

గుహ జీవితంలో ఈయన పాత్ర ఎంతంటే, గుహ అకడమిక్ రాతల నుంచి బయటికొచ్చి మామూలు పాఠకులు చదివే పుస్తకాలు రాయడం దాకా పక్కనే ఉన్నాడు. వెరియర్ ఎల్విన్ అని, క్రైస్తవ మిషనరీగా ఇండియా వచ్చి గాంధీ దగ్గర చేరి, తర్వాత గోండుల మధ్య బతికి, చివరికి ఈశాన్యంలో గిరిజన వ్యవహారాల సలహాదారు అయిన ఇంగ్లీషు దొర ఉన్నాడు. ఆయన జీవితచరిత్ర గుహ రాస్తే 1999లో ఆక్స్‌ఫర్డ్ వేసింది. గుహ పుస్తకాల్లో నా ఓటు ఇప్పటికీ దానికే, ఇండియా ఆఫ్టర్ గాంధీకి కాదు, తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.

ఇంక నవల సంగతి. బీథోవెన్ అమంగ్ ద కౌస్, 1994, లండన్ ఫేబర్ వాళ్ళు వేశారు. ఫేబర్ అంటే టీ.ఎస్. ఎలియట్ ఎడిటర్‌గా పనిచేసిన చోటు, అక్కడ అచ్చు కావడమంటే మాటలు కాదు. ఇండియన్ ఇంగ్లీషు నవలకి అప్పుడు మంచి గిరాకీ, అడ్వాన్సులు లక్షల్లో వినపడుతున్న రోజులు. అలాంటప్పుడు ఫేబర్‌లో మొదటి నవల వేసుకున్నవాడు ఏం చెయ్యాలి? ఇంకో రెండు రాయాలి, విదేశాలు తిరగాలి. ఈయన మళ్ళీ తన టేబుల్ దగ్గరికి వెళ్ళి ఇంకొకళ్ళ ఫుట్‌నోట్లు సరిచేసుకున్నాడు. నేను ఈ నవల చర్చి స్ట్రీట్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో, పై అంతస్తులో, వంట పుస్తకాల అర పక్కన పట్టుకున్నా. పేజీలు పసుపెక్కి అంచులు చిట్లుతున్నాయి, లోపల ఎవరో పెన్సిల్‌తో ఒకచోట రెండు గీతలు గీసి పక్కన హ హ అని రాశారు. పెన్సిల్ గీతల మనిషి కరెక్టే, అది నవ్వించే నవల. లక్నో బాల్యం, ఇంగ్లీషు సాహిత్యం సంగీతం తలకెక్కిన పిల్లలు, చుట్టూ మారిపోతున్న దేశం, ముక్కలు ముక్కలుగా నడుస్తుంది, కథ కావాలనుకునేవాళ్ళకి నచ్చకపోవచ్చు. నాకు సగం నచ్చింది, సగం దగ్గర తెలివి ఎక్కువై గుండె తక్కువైంది. కానీ వాక్యం మాత్రం, అబ్బ. ఒక్క పొల్లు మాట దొరకదు. ఇతరుల రాతల్లో పొల్లు ఏరి ఏరి చెయ్యి తిరిగినవాడు రాస్తే అలా ఉంటుంది కాబోలు.

మన తెలుగువాళ్ళకి ఈయనతో నేరుగా ఉన్న లింకు పర్మనెంట్ బ్లాక్. ఆక్స్‌ఫర్డ్ వదిలేసి 2000లో ఈయన, భార్య అనురాధా రాయ్ కలిసి పెట్టుకున్న సంస్థ, పేరు చూస్తే ఇంకు సీసా మీద లేబుల్ గుర్తొస్తుంది. ఇద్దరు మనుషులు. పెద్ద ఆఫీసు లేదు, తర్వాత ఏకంగా రాణీఖేత్ నుంచే నడిపారు. ఆ ఇద్దరి దగ్గరికి వచ్చిన పేర్లు చూడండి, పార్థా ఛటర్జీ, సంజయ్ సుబ్రహ్మణ్యం, నికొలస్ డర్క్స్, అందరూ పేరున్న స్కాలర్లే. సబాల్టర్న్ స్టడీస్ చివరి వాల్యూములు కూడా వీళ్ళ దగ్గరికే వచ్చేశాయి. 2001లో వీళ్ళు వేసిన టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్ అన్న పుస్తకం మన వెల్చేరు నారాయణరావు గారు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసింది. ఇంగ్లీషువాళ్ళు వచ్చేదాకా ఇండియన్లకి చరిత్ర రాయడం తెలీదు అనే మాటని పట్టుకుని చీల్చి చెండాడిన పుస్తకం. అందులో బొబ్బిలి యుద్ధం మీద ఉన్న భాగం ఒక్కటి చదివినా చాలు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం, విజయనగరం రాజు కలిసి బొబ్బిలి కోట మీద పడ్డ కథని జానపదులు పాడిన కథ ఎలా చెప్పింది, దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రం ఎలా చెప్పింది, రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషాయన ఎలా రాశాడు అని పక్కపక్కన పెట్టి చూపిస్తారు. మనం సినిమాగా చూసి వదిలేసిన కథ. మనవాళ్ళు చరిత్రని కావ్యంగానో పాటగానో రాసినా అది చరిత్రని అప్పటి వినేవాళ్ళకి తెలుసు, మాట తీరులోనే తెలిసిపోతుంది అని వాళ్ళ వాదన. ఒప్పుకోని చరిత్రకారులు చాలామంది ఉన్నారు, అది వేరే గొడవ.

ఆ తర్వాత 2016లో నారాయణరావు గారి వ్యాసాలు టెక్స్ట్ అండ్ ట్రెడిషన్ ఇన్ సౌత్ ఇండియా పేరుతో వీళ్ళే వేశారు. తెలుగు మాతృభాష ఎలా అయింది, పొట్టి శ్రీరాములు గారి దాకా భాష కోసం ప్రాణాలిచ్చేంత అభిమానం ఎక్కణ్ణుంచొచ్చింది అని లీసా మిచెల్ రాసిన పుస్తకానికి ఇక్కడి ఎడిషన్ కూడా వీళ్ళదే. పక్కింటి తమిళంలో పుస్తకాల అచ్చు చరిత్ర మీద ఏ.ఆర్. వెంకటాచలపతి రాసిన ద ప్రావిన్స్ ఆఫ్ ద బుక్ కూడా వీళ్ళదే. అంటే ఎక్కడో లక్నో మనిషి ఒకాయన మన రంగరాయచరిత్రం మీద చాప్టర్‌ని అచ్చుకి సిద్ధం చేశాడు, ఆ పుస్తకాలు పంపిణీ చేసింది హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో ఉండే ఓరియంట్ బ్లాక్‌స్వాన్. మనం మాత్రం ఆయన పేరు ఎక్కడా వినలేదు.

ఇలాంటి చిన్న సంస్థ ఎలా బతుకుతుందని డౌటొస్తుంది కదా. స్కాలర్లీ పుస్తకం వందల్లో అమ్ముడవుతుంది, బాగా ఆడితే కొన్ని వేలు. ముందు గట్టి అట్టతో లైబ్రరీల కోసం వేస్తారు, అది పోయాక పేపర్‌బ్యాక్. అదే పుస్తకాన్ని అమెరికాలో కొలంబియా లాంటి యూనివర్సిటీ ప్రెస్ వేస్తే ఇక్కడి హక్కులు వీళ్ళు తీసుకుని మన ధరకి వేస్తారు. డాలర్లలో ఉండే పుస్తకం ఇక్కడి స్టూడెంట్ కొనగలిగేలా ఎందుకు ఉందో, లోపల మొదటి పేజీల్లో దక్షిణాసియాలో మాత్రమే అమ్మకానికి అని ఎందుకు ఉంటుందో నాకు ఈ బాపతు పుస్తకాలు కొనడం మొదలెట్టాకే తెలిసింది. పెద్ద కంపెనీ అయితే నెలకిన్ని టైటిల్స్ అని టార్గెట్ పెట్టుకోవాలి, ఇద్దరే ఉంటే నచ్చినవి మాత్రమే వెయ్యొచ్చు.

అనురాధా రాయ్ గురించి చెప్పకపోతే అన్యాయం. వీళ్ళ కవర్లు డిజైన్ చేసేది ఆవిడే. అల్మరాలో పక్కపక్కన పెడితే పర్మనెంట్ బ్లాక్ పుస్తకం ఏదో దూరం నుంచే తెలుస్తుంది. పైగా ఆవిడ మంచి నవలా రచయిత్రి. స్లీపింగ్ ఆన్ జూపిటర్ 2015లో బుకర్ లాంగ్ లిస్టులోకి వెళ్ళింది, ఆల్ ద లైవ్స్ వి నెవర్ లివ్డ్‌కి 2022లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. భర్త ఒక నవల రాసి ఆపేశాడు, భార్య పబ్లిషింగ్ చేసుకుంటూనే ఒకదాని తర్వాత ఒకటి రాస్తూ వెళ్ళింది. ఆ ఇంట్లో ఎవరి రాత ఎవరు దిద్దుతారో, అప్పుడు మాటామాటా ఎలా నడుస్తుందో చదవాలని నాకు చాలా ఆశగా ఉండింది. ఈ పుస్తకంలో అది నాకు సరిపోలేదు. ఒక మార్కు తగ్గడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం, సెయింట్ స్టీఫెన్స్. ఆ కాలేజీ, ఆ కాలేజీ జోకులు, ఎవరు ఎవరికి సీనియరు, ఎవరి మామ ఏ అంబాసిడరు, కొన్ని పేజీల్లో మనం పిలవని ఫంక్షన్‌కి వెళ్ళి మూల కుర్చీలో కూర్చున్నట్టుంటుంది. ఆ రోజుల్లో ఇంగ్లీషు మేధావుల ప్రపంచం ఎంత చిన్నదో, ఒకే రెండు మూడు కాలేజీల నుంచి వచ్చినవాళ్ళే రచయితలు, వాళ్ళే ఎడిటర్లు, వాళ్ళే రివ్యూ రాసేవాళ్ళు ఎలా అయ్యారో గుహ దాచలేదు, దాని మీద గట్టిగా నిలబడి ప్రశ్న వేసుకోనూ లేదు. హిందూపురం జూనియర్ కాలేజీ నుంచి వచ్చిన నాకు అక్కడ కొంచెం మండింది. ఇంకోటి, గుహ పేపర్లో కాలమ్స్ రెగ్యులర్‌గా చదివేవాళ్ళకి ఆయన తన గురించి చెప్పుకునే కొన్ని సంగతులు పాతవే అనిపిస్తాయి. అలాంటి చోట నేను పేజీలు తిప్పేసి మళ్ళీ ఉత్తరం ఎక్కడుందా అని వెతుక్కున్నా.

అయినా నాలుగు ఎందుకిచ్చానంటే, ఈ పుస్తకం నాకు వెంటనే పనికొచ్చింది. మా చిన్నాయన మదనపల్లె దగ్గర తెలుగు పండితుడిగా చేసి రిటైరై వాళ్ళ ఊరి చరిత్ర రాశాడు, డీటీపీ చేయించి పీడీఎఫ్ పంపి ఒకసారి చూసి పెట్టమ్మా అన్నాడు. చూసి పెట్టడం అంటే బాగుంది చిన్నాయనా అనడమని ఇద్దరికీ తెలుసు. మొదటి పద్నాలుగు పేజీలు వంశవృక్షం. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు ఎవరికి దత్తతెళ్ళారు. ఎక్కడో ఐదో అధ్యాయంలో, వానల్లేని ఒక ఏడు చెరువు తూము దగ్గర, నీళ్ళు వంతులేసి వదిలే నీరుగంటి మాట కాదని రెండు కుటుంబాలు లాంతర్లు పెట్టుకుని తెల్లార్లూ వంతు నీళ్ళకి కాపలా కూర్చున్నాయని రెండే రెండు లైన్లు. అంతే, వెంటనే మళ్ళీ దేవాలయ ధర్మకర్తల లిస్టు. నేను వంశవృక్షం మొత్తాన్ని చివరికి అనుబంధంలోకి నెట్టి, ఆ తూము పక్కన, ఆ రాత్రి ఎవరెవరున్నారు, ఏం మాట్లాడుకున్నారు, తెల్లారి నీళ్ళు ఎవరి మడికి పోయాయి, ఇక్కణ్ణుంచే పుస్తకం మొదలెట్టండి అని రాసి పంపా.

ఫోనొచ్చింది. "ఏమ్మా, మీ అవ్వతాతల పేర్లు ఎనక్కి ఏసినావు, ఆ కొట్లాట ముందుకు తెచ్చినావు, ఊరోళ్ళు నా మొగాన ఉమ్మరా?" అన్నాడు.

"పేర్లు ఎక్కడికీ పోలేదు చిన్నాయనా, చివర్లో ఉంటాయి. కొట్లాట చదివినోళ్ళే పేర్లు చూస్తారు" అన్నా.

"నువ్వేమో కంప్యూటర్లకు రాసేదానివి, నీకేం తెల్సు" అని పెట్టేశాడు. కొన్నాళ్ళకి కొత్త పీడీఎఫ్ వచ్చింది. తూము రాత్రి రెండు లైన్లు కాస్తా తొమ్మిది పేజీలైంది, నీరుగంటి మాట్లాడే మాటలు అచ్చం మా ఊరి మాటలు, చదువుతుంటే తడి మట్టి వాసనొచ్చింది. వంశవృక్షం మాత్రం మొదట్లోనే ఉంది, కదల్లేదు. సగం గెలిచా. అద్వానీ ఉత్తరాలు చదవకపోయుంటే నేను కూడా బాగుంది చిన్నాయనా అనేసి ఊరుకునేదాన్ని.

తెలుగులో మనకి ఎడిటర్ అనే మనిషి పత్రికల్లో ఉన్నాడు గానీ పుస్తకాల్లో దాదాపు లేడు. రచయితే డబ్బు పెట్టుకుంటాడు, డీటీపీ వాళ్ళు టైపు చేస్తారు, ఫ్రెండు ప్రూఫు చూస్తాడు, పెద్దాయనొకరు ముందుమాట రాస్తారు, ఆవిష్కరణ సభలో శాలువా, అయిపోయింది. ఇది తీసెయ్యి, ఇది పెంచు అని మొహం మీద చెప్పేవాడు ఆ దారిలో ఎక్కడా తగలడు. ఒకప్పుడు మద్రాసులో వావిళ్ళ వారు 1854 నుంచి ప్రబంధాలు, పురాణాలు, వ్యాకరణాలు పండితుల చేత పరిష్కరింపజేసి వేసేవారు, వావిళ్ళ ప్రతి అంటే పాఠం నమ్మొచ్చు అని లెక్క. ముద్దుపళని శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ గారు పూర్తి పాఠం వెతికి పట్టుకుని పరిష్కరించి 1910లో వేయిస్తే వేసింది వాళ్ళే, దానికి బ్రిటిష్ ప్రభుత్వంతో చిక్కులు పడింది కూడా వాళ్ళే. పరిష్కర్త పేరు అట్ట మీద గౌరవంగా వేసుకునే ఆ పద్ధతి పాత పుస్తకాల దగ్గరే ఆగిపోయింది, కొత్తగా రాసే బతికున్న రచయితకి పరిష్కర్త అక్కర్లేదని మనమే తేల్చుకున్నాం. ఈ మాట వయ్యాలికావల్ తెలుగు విజ్ఞాన సమితి దగ్గర ఒక ప్రోగ్రాం అయ్యాక కాఫీ తాగుతూ అంటే, ఒక రచయిత గారు నా వాక్యం ముట్టుకుంటే ఊరుకోను అన్నారు. మీ వాక్యం కాదండీ, మీ మూడో చాప్టర్ ముట్టుకోవాలి అని నోటిదాకా వచ్చింది, పెద్దాయన కదా అని మింగేశా.

కొనడం గురించి. నేను మొదట ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే గట్టి అట్ట మూల నలిగి, పల్చటి ప్లాస్టిక్ కవర్లో వచ్చింది, వెనక్కి పంపేశా, ఎవరి దగ్గరో చెప్పను, అందరూ అలాగే పంపుతున్నారు. తర్వాత చర్చి స్ట్రీట్‌కి వెళ్ళి చేత్తో చూసి కొనుక్కున్నా. ఎంజీ రోడ్ మెట్రో దిగితే నడిచేంత దూరమే, నాలుగైదు షాపులు ఒకదాని పక్కన ఒకటి. గుహ ఈ ఊరాయనే కాబట్టి ఆయన పుస్తకాలు ఏ షాపులోనైనా కళ్ళెదురుగా పెడతారు, వెతకక్కర్లేదు. వెతకాల్సింది పర్మనెంట్ బ్లాక్ పుస్తకాలు. అవి కొత్త షాపుల్లో హిస్టరీ అని రాసిన చోట కింది అరల్లో, వెన్ను లోపలికి తిరిగి దుమ్ముకొట్టుకుని ఉంటాయి, సెకండ్ హ్యాండ్ షాపుల్లో అయితే రిటైరైన ప్రొఫెసర్ల ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు గుత్తగా వస్తాయి. టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్ కనపడితే మాత్రం ఆలోచించకుండా తీసుకోండి, ఈ రివ్యూ పుస్తకం కన్నా ముందు అదే కొనండన్నా నాకు అభ్యంతరం లేదు. శనివారం సాయంత్రం వెళ్ళకండి, అరల ముందు సెల్ఫీలు దిగేవాళ్ళ మధ్య కింది అర చూడాలంటే వంగడానికి కూడా చోటుండదు. వారం మధ్యలో మధ్యాహ్నం పూట వెళ్ళి, కౌంటర్లో ఉన్నతన్ని పర్మనెంట్ బ్లాక్ అని పేరు చెప్పి అడగండి. రచయిత పేరు చెప్తే కంప్యూటర్లో చూసి లేదంటారు, పబ్లిషర్ పేరు చెప్తే లేచి వెళ్ళి వెతికి పెడతారు.